అడుగు

పాలకొల్లులో కాలవ గట్టున, మెట్ల కింద గది నాది.
పళ్ళ సెట్లు కడతాను.
పగలంతా చిగుళ్ళ రంగు పొడి, మైనం, మంట.
రాత్రి పదయ్యాక అదే బల్ల మీద
ఇంగ్లీషు వాళ్ళ హెలికాప్టర్లు.

డబ్బా మీద రాసుంటుంది, డెబ్బై రెండో వంతు అని.
ఆ లెక్కన
తొమ్మిదేళ్ళ పిల్లాడు మూడు బియ్యపు గింజల పొడవు.
వాడి మీద పడే పులిహోర పొట్లం ఆవగింజ.
రెండు కొబ్బరిచెట్ల ఎత్తు, మూరెడు.

ఈ లెక్క వేసుకోవడానికి నాకు ఇరవయ్యేళ్ళు పట్టింది.

తుఫాను వెళ్ళిన మూడో రోజు
మా లంకలో, పాక కప్పు మీద అక్కా నేనూ.
చుట్టూ నీళ్ళు. తేలిపోయే గడ్డిమోపులు.
ఎవరిదో గేదె, పొట్ట ఉబ్బి.
చప్పుడు ముందొచ్చింది, తరవాత అది.
ఎండ కళ్ళలో పడి రంగు తెలీలేదు,
తల ఎటో తోక ఎటో చూడలేదు.
నేను చూసిందల్లా పొట్ట.
పడవ అడుగులా ఉంది.
నీళ్ళలో బుడుంగున మునిగే పిల్లలకి పడవ అడుగు తెలుసు కదా,
అలాగ, మేం గోదారి అడుగున ఉన్నట్టూ
మా మీంచి ఎవరో రేవు దాటుతున్నట్టూ.

"ఇంగ్లీషోడి మిషనురా" అన్నాడు
పక్క కప్పు మీంచి ఓలేటి ధర్మయ్య.
ఆయనకెలా తెలుసో అడగలేదు,
పొట్లం విప్పుతున్నాను.
ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్నాళ్ళూ.

వాస్ప్ చేశాను. పేరుకే కందిరీగ,
నాలుగు కాళ్ళ మీద నులకమంచంలా నిలబడుతుంది. కాదు.
వెసెక్స్, కొర్రమీను తల. కాదు.
లింక్స్ నడుం సన్నం, తూనీగ.
దాని కిటికీ అద్దానికి జిగురు మరక పడి
రెండు రాత్రులు నిద్రపోలేదు.
తీరా చూస్తే అదీ కాదు.
పూర్తయిన ప్రతిదాన్నీ
చాప మీద వెల్లకిలా పడుకుని
కంటికి మూరెడెత్తున పట్టుకుని చూస్తాను.
మా ఆవిడ తలుపు తీసి చూసి మళ్ళీ వేసేస్తుంది.

కిట్లు చేసేవాళ్ళకి పొట్ట మీద శ్రద్ధ ఉండదండి.
పైనించి చూసేవాళ్ళ కోసం చేస్తారు.
రివెట్లు, తలుపు గొళ్ళేలు, పైలట్ టోపీ, అన్నీ ఉంటాయి.
తిరగేస్తే నున్నగా, నడిమధ్య అతుకు.
రెండు చెక్కలూ కలిసేది అక్కడే.
ఆ సందులో పంటి సిమెంటు పూసి
వెయ్యి నెంబరు కాగితం తడిపి రుద్దుతాను,
వేలికి అతుకు తగలనంత వరకూ.

ఈసారి సీ కింగ్.
వానాకాలం తడికి రంగు బూజు పట్టినట్టు తెల్లబడింది.
గీకి మళ్ళీ వేశాను.
ఐదు రెక్కలు. డబ్బాలో బద్దల్లా తిన్నగా వస్తాయి గాని
ఆగిన మిషను రెక్కలు వాలతాయి, తడిసిన కొబ్బరిమట్టల్లా.
వేణ్ణీళ్ళలో ముంచి వంచుదామని గిన్నె పెట్టి, ఆపేశాను.
నాకది ఆగి ఎప్పుడు కనపడింది గనక?

చాప మీద పడుకుని ఎత్తాను.
పడవే.
నీళ్ళ మీద దిగాల్సొస్తే తేలాలని
నిజంగానే పడవ అడుగు కట్టారట దానికి.
చెయ్యి వణికింది. దించేశాను.

ఆదివారం నూకరత్నం అక్క వస్తే చూపించాను.
అటూ ఇటూ తిప్పి, కింద నించి కూడా చూసి
"ఏమోరా, నేను తలెత్తితేగా" అంది.
"ఆ గాలికి తాటాకులు లేచిపోతుంటే
ఓ చేత్తో నిన్నూ ఓ చేత్తో వాసాన్నీ పట్టుకున్నాను.
నాలుగు పొట్లాలిచ్చి కప్పంతా పట్టుకుపోయారు,
ఏం బేరంరా అది!"

ఎత్తు లెక్కగట్టాను, పొట్లం లెక్కగట్టాను,
నన్ను లెక్కగట్టాను.
అక్కని ఎప్పుడూ లెక్కెయ్యలేదు.

చిగుళ్ళ రంగు పొడి కొంచెం మిగిలుంది.
సూదిమొనతో మొదలుపెట్టాను.
నాలుగు గింజల పొడవు, తల వంచుకుని,
రెండు చేతులూ బిగించి.
వేళ్ళు రావడం లేదు.

పెనుమత్స వారి పెద్దాయన కింది దవడ
సోమవారానికి ఇస్తానన్నాను.
మంగళవారం రమ్మని చెప్పాలి.